స్టాటిక్ ఐపీ, స్టాటిక్ రూట్లు: తిరుపతి, చిత్తూరు షాపులు, లాడ్జీలు, ఆఫీసులవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో లాడ్జీలు నడిపేవాళ్లు, చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో కంప్యూటర్లు చూసుకునేవాళ్లు, రెండు మూడు బ్రాంచీలున్న మెడికల్ షాపులవాళ్లు అడిగే సందేహాలు చాలావరకు ఒకటే. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతారు, వాట్సాప్‌లో పంపితే పైకి వెళ్లిపోతుంది. అందుకే ఒకచోట రాసి పెట్టాను. ఏ జవాబు దానికదే విడిగా అర్థమవుతుంది, కాబట్టి మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. ఉదాహరణల్లో 203.0.113తో మొదలయ్యే నంబర్లు పాఠాలు చెప్పడానికని ప్రత్యేకంగా పక్కన పెట్టిన అడ్రస్‌లు. మీ రౌటర్‌లో మాత్రం మీ ప్రొవైడర్ ఇచ్చినవే కొట్టాలి.

## కనెక్షన్ తీసుకునే ముందు

నా కంప్యూటర్‌లో ఒక ఐపీ కనిపిస్తోంది, గూగుల్‌లో వెతికితే ఇంకో ఐపీ చూపిస్తోంది. ఏది నాది?

రెండూ మీవే, కానీ పనులు వేరు. లీలామహల్ దగ్గర లాడ్జిలో 204 నంబరు గది ఉంటుంది, బస్టాండ్ ఎదురుగా ఉన్న లాడ్జిలోనూ 204 ఉంటుంది. లోపలి రూమ్ బాయ్‌కి 204 అంటే చాలు. బయటి నుంచి ఉత్తరం రావాలంటే మాత్రం లాడ్జి డోర్ నంబరు కావాలి. కంప్యూటర్‌లో కనిపించేది గది నంబరు, అంటే ప్రైవేట్ ఐపీ. గూగుల్ చూపించేది డోర్ నంబరు, అంటే పబ్లిక్ ఐపీ.

10తో మొదలయ్యేవన్నీ, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి ప్రైవేట్ అడ్రస్‌లు. ఎవరైనా వాడుకోవచ్చు, బయటి ఇంటర్నెట్‌లో మాత్రం ఇవి చెల్లవు.

నెట్ బాగానే వస్తోంది కదన్నా, పబ్లిక్ స్టాటిక్ ఐపీ, అంటే ఎప్పటికీ మారని పబ్లిక్ ఐపీ, నాకు నిజంగా అవసరమా?

చాలామందికి అవసరం లేదు. బ్రౌజింగ్, యూపీఐ, జీఎస్టీ రిటర్నులు, ఆన్‌లైన్ రూమ్ బుకింగ్ వెబ్‌సైట్లు, వీడియో కాల్స్... వీటన్నిటిలో మీరే బయటికి వెళ్తున్నారు, బయటివాళ్లు మీ దగ్గరికి రావడం లేదు. బయటివాళ్లు మీ లోపలికి రావాల్సినప్పుడే పబ్లిక్ ఐపీ పనికొస్తుంది. బ్రాంచీ నుంచి హెడ్ ఆఫీసు సర్వర్‌కి వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా వేసుకునే రహస్య దారి) పెట్టాలన్నా, సొంత మెయిల్ సర్వర్ నడపాలన్నా కావాలి. బ్యాంకో, పెద్ద కంపెనీయో 'మీ ఐపీ చెప్పండి, దాన్ని మాత్రమే అనుమతిస్తాం' అన్నప్పుడూ కావాలి. ఒక్క సీసీ కెమెరాలు ఫోన్‌లో చూసుకోవడానికే అయితే తీసుకోకండి. డీవీఆర్ (కెమెరాల రికార్డింగ్ డబ్బా) కంపెనీ యాప్‌లో క్యూఆర్ స్కాన్ చేస్తే పని జరిగిపోతుంది.

ఇప్పుడున్న కనెక్షన్‌లో నాకు పబ్లిక్ ఐపీ వస్తోందో లేదో ఎలా చూడాలి?

రౌటర్ పేజీలో వాన్ (బయటి ఇంటర్నెట్ వైపు) స్టేటస్ తెరిచి అక్కడున్న ఐపీ రాసుకోండి. అదే కనెక్షన్‌పై 'నా ఐపీ ఏది' అని గూగుల్‌లో వెతకండి. రెండూ ఒకటే అయితే పబ్లిక్ ఐపీ మీ రౌటర్ దాకా వస్తోంది. వేరైతే మధ్యలో ఎవరో మారుస్తున్నారు. వాన్‌లో 100.64 నుంచి 100.127 మధ్య నంబరు ఉందంటే మీరు సీజీనాట్ వెనక ఉన్నారు. అంటే ఒకే పబ్లిక్ ఐపీని ప్రొవైడర్ ఎంతోమంది కస్టమర్లకు పంచుతున్నాడు. ఈ నంబర్లను 2012లో ఈ పని కోసమే కేటాయించారు. సీజీనాట్ వెనక ఉన్నంతవరకు మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు (ఒక్కో పనికి ఒక్కో నంబరున్న తలుపులు) తెరిచినా బయటివాళ్లు లోపలికి రాలేరు, ఎందుకంటే ఆ తలుపు మీ చేతిలో లేదు.

ఒక నంబరుకి ప్రతి నెలా విడిగా డబ్బులెందుకు?

నంబర్లు అయిపోయాయి కాబట్టి. ఇప్పటిదాకా చెప్పిన ఐపీ రకం పేరు ఐపీవీ4. దాని అడ్రస్ 32 బిట్లది, మొత్తం కలిపితే సుమారు 429 కోట్లు. ప్రపంచానికంతా పంచే ఐయానా దగ్గర ఖాళీ బ్లాకులు 2011 ఫిబ్రవరిలో అయిపోయాయి. మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి పంచే ఏపీనిక్ అదే ఏడాది ఏప్రిల్ నుంచి కొలిచి కొలిచి ఇవ్వడం మొదలుపెట్టింది. మన దేశంలో ఆ పని చూసే సంస్థ, ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్‌లు నడిపే నిక్సీ కింద ఉన్న ఐఆర్ఐఎన్ఎన్. ఒక పబ్లిక్ ఐపీని మీకొక్కరికే కట్టిపెడితే ప్రొవైడర్ దాన్ని ఇంకెవరికీ పంచలేడు. ఆ ఖర్చే మీ బిల్లులో కనిపిస్తుంది.

ఐపీ మారుతూ ఉన్నా డైనమిక్ డీఎన్ఎస్ పెట్టుకుంటే సరిపోదా?

ఐపీ మారుతున్నా అది పబ్లిక్ ఐపీయే అయితే సరిపోతుంది. చిన్న షాపుకి మంచి మార్గం కూడా. రౌటర్ తన కొత్త ఐపీని ఎప్పటికప్పుడు ఒక పేరుకి కట్టేస్తుంది, మీరు ఆ పేరుతో లోపలికి వస్తారు. సీజీనాట్ వెనక ఉంటే మాత్రం దీనివల్ల ఉపయోగం లేదు. ఐపీని చూసి అనుమతించే బ్యాంకులకు, మెయిల్ సర్వర్లకు కూడా ఇది పనికిరాదు.

ఒకటి చాలా, ఐదు తీసుకోవాలా?

ఒక రౌటర్, దాని వెనక ఒక సర్వర్ ఉంటే ఒకటి చాలు. ఒకే ఐపీపై వేర్వేరు పోర్టులతో చాలా పనులు నడుస్తాయి. మెయిల్‌కి వేరుగా, వెబ్ సర్వర్‌కి వేరుగా, లాడ్జి గెస్టుల వైఫైకి వేరుగా కావాలంటే /29 బ్లాక్ (గీత తర్వాతి అంకె పెరిగేకొద్దీ బ్లాక్ చిన్నది) అడగండి. అందులో 8 నంబర్లుంటాయి. మొదటిది నెట్‌వర్క్‌కి, చివరిది బ్రాడ్‌కాస్ట్‌కి పోగా 6 మిగులుతాయి. గేట్‌వేకి (మిమ్మల్ని బయటికి చేర్చే ప్రొవైడర్ రౌటర్‌కి) ఒకటి పోతే మీకు 5. /30లో 4 ఉంటాయి, వాడుకోవడానికి 2, అందులో ఒకటి ప్రొవైడర్‌ది. 'నాలుగు ఐపీలు ఇస్తున్నాం' అంటే నాలుగూ మీకేనా అని అడిగి తెలుసుకోండి.

ఆర్డర్ ఇచ్చేముందు ప్రొవైడర్ దగ్గర ఏమేం రాయించుకోవాలి?

ఐపీ, మాస్క్ (మీ బ్లాక్ ఎంత పెద్దదో చెప్పే నంబరు), గేట్‌వే, రెండు డీఎన్ఎస్‌లు (పేర్లను ఐపీలుగా మార్చే సర్వర్లు) తప్పకుండా ఉండాలి. కనెక్షన్ నేరుగా స్టాటిక్‌గా వస్తుందా, పీపీపీఓఈ అనే లాగిన్ పద్ధతిలో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తోనా? వీలాన్ (ఒకే వైరు మీద నెట్‌వర్క్‌లను వేరుచేసే పద్ధతి) నంబరు ఏదైనా ఉందా? ఎక్కువ ఐపీలు తీసుకుంటే ఆ బ్లాక్‌ను మీ వాన్ ఐపీకి రూట్ చేస్తారా లేక నేరుగా వైరు మీదే ఇస్తారా? మెయిల్ పంపే 25వ పోర్టు తెరిచి ఉంటుందా? ఇవన్నీ మాటల్లో కాదు, మెయిల్‌లో తీసుకోండి. ఆరు నెలల తర్వాత రాత్రిపూట రౌటర్ మార్చాల్సి వచ్చినప్పుడు మీకు దొరికేది ఆ మెయిల్ ఒక్కటే. స్టాటిక్ ఐపీకి సాధారణంగా జీఎస్టీ, పాన్, అడ్రస్ ప్రూఫ్ అడుగుతారు, సిద్ధంగా పెట్టుకోండి.

## కనెక్షన్ వచ్చిన రోజు

వాళ్లిచ్చిన కాగితంలో నాలుగైదు నంబర్లున్నాయి. ఏది ఎక్కడ కొట్టాలి?

రౌటర్‌లో వాన్ టైప్‌ని స్టాటిక్ ఐపీకి మార్చండి. ఉదాహరణకి మీ బ్లాక్ 203.0.113.8/29 అనుకోండి. ప్రొవైడర్ గేట్‌వే 203.0.113.9. మీవి 203.0.113.10 నుంచి 14 వరకు. ఐపీ దగ్గర 203.0.113.10, మాస్క్ దగ్గర 255.255.255.248, గేట్‌వే దగ్గర 203.0.113.9 కొట్టాలి. డీఎన్ఎస్ దగ్గర ప్రొవైడర్ ఇచ్చినవి, లేదా 8.8.8.8, 1.1.1.1 పెట్టుకోవచ్చు.

మాస్క్ దగ్గర అలవాటుగా 255.255.255.0 కొట్టేవాళ్లు ఎక్కువ. అప్పుడు కూడా నెట్ వస్తుంది, అందుకే తప్పు చాలాకాలం బయటపడదు. అదే ప్రొవైడర్ దగ్గర పక్క బ్లాక్ తీసుకున్న ఇంకో ఆఫీసు సర్వర్ మాత్రం ఎప్పటికీ తెరుచుకోదు. దాన్ని తన పక్కనే ఉందనుకుని మీ రౌటర్ వైరు మీద నేరుగా పిలుస్తుంది. అక్కడ పలికేవాళ్లు ఉండరు.

మోడెమ్‌ను బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టమంటున్నారు. తప్పదా?

సొంత రౌటర్ వాడుతుంటే పెట్టించుకోండి. ఫైబర్ డబ్బా కూడా రౌటర్‌లా పనిచేస్తే అడ్రస్ రెండుసార్లు మారుతుంది. పబ్లిక్ ఐపీ ఆ డబ్బా దగ్గరే ఆగిపోతుంది, మీ రౌటర్‌కి 192.168తో మొదలయ్యే నంబరే వస్తుంది. పోర్ట్ ఫార్వర్డ్ (బయటి నుంచి వచ్చేదాన్ని లోపల ఏ మెషీన్‌కి పంపాలో చెప్పే రూల్) రెండు చోట్లా రాయాలి, వీపీఎన్ మొండికేస్తుంది. బ్రిడ్జ్‌లో పెడితే డబ్బా కేవలం వైరులా మారిపోతుంది, అన్నీ మీ రౌటర్ చూసుకుంటుంది. బ్రిడ్జ్ ఇవ్వలేమంటే కనీసం ఆ డబ్బాలో డీఎమ్‌జెడ్‌ని (బయటి నుంచి వచ్చినదంతా ఒకే మెషీన్‌కి పంపే సెట్టింగ్) మీ రౌటర్ ఐపీకి పెట్టించండి.

పాత రౌటర్ తీసి కొత్తది పెట్టాం. అవే నంబర్లు, అవే వైర్లు, నెట్ మాత్రం లేదు.

ప్రొవైడర్ వైపు పాత రౌటర్ మాక్ అడ్రస్ (ఫ్యాక్టరీలోనే వేసే హార్డ్‌వేర్ నంబరు) ఇంకా గుర్తుండిపోయి ఉంటుంది. కొంతసేపు ఆగితే కొన్నిచోట్ల తనంతట తానే సర్దుకుంటుంది. మాక్‌ను గట్టిగా కట్టేసి ఉంటే ఎంతసేపు ఆగినా రాదు. ఫోన్ చేసి 'మాక్ క్లియర్ చేయండి' అని అడగండి. సెలవు రోజైతే కొత్త రౌటర్‌లో మాక్ క్లోన్ ఆప్షన్ వాడి పాత మాక్ కొట్టండి. పాత రౌటర్ అడుగున ఉన్న స్టిక్కర్‌పై మాక్ ఉంటుంది. వాన్ పోర్ట్ మాక్ దానికి ఒక అంకె అటూ ఇటూ ఉండొచ్చు.

ఐదు ఐపీలు ఇచ్చామన్నారు, మొదటిది తప్ప ఏదీ పనిచేయడం లేదు.

ముందు ఆ బ్లాక్ ఎలా ఇచ్చారో తెలుసుకోవాలి. గేట్‌వే కూడా అదే బ్లాక్‌లో ఉంటే అది వైరు మీద నేరుగా ఇచ్చిన బ్లాక్. అప్పుడు ప్రొవైడర్ రౌటర్ '203.0.113.11 ఎవరు' అని అడుగుతుంది. 'నేనే' అని మీ రౌటర్ పలకాలి. అలా పలకాలంటే మిగతా నాలుగు నంబర్లను వాన్ పోర్ట్‌పై అదనపు అడ్రస్‌లుగా చేర్చి, లోపలి సర్వర్లకు ఒక్కోదానికి ఒక్కో ఐపీ చొప్పున నాట్ (అడ్రస్ మార్చే రూల్) రాయాలి.

కాగితంలో వాన్ కోసం ఒక /30, విడిగా ఒక /29 ఉండి, రెండో దానికి గేట్‌వే చెప్పకపోతే అది రూట్ చేసిన బ్లాక్. దాన్ని వాన్‌పై పెట్టనక్కర్లేదు. ఒక లోపలి పోర్ట్‌కి ఆ బ్లాక్‌లో మొదటి నంబరు ఇచ్చి, సర్వర్లకు మిగతావి నేరుగా ఇవ్వండి. నాట్ వద్దు, ఫైర్‌వాల్ (అనుమతి లేనివాటిని ఆపే రూల్స్) మాత్రం తప్పనిసరి. నాకు నచ్చేది ఈ రెండో పద్ధతే. రౌటర్ మార్చినా, సర్వర్ మార్చినా లెక్క చెదరదు.

## రూట్లు రాసేటప్పుడు

స్టాటిక్ ఐపీ, స్టాటిక్ రూట్ ఒకటేనా?

కాదు. స్టాటిక్ ఐపీ అంటే మారని అడ్రస్. స్టాటిక్ రూట్ అంటే 'ఫలానా నెట్‌వర్క్‌కి పోవాలంటే ఫలానా రౌటర్‌కి అప్పగించు' అని మనం చేత్తో రాసిపెట్టే ఆదేశం. ఒకటి ఉంటే రెండోది ఉండాలని లేదు. వాన్‌లో గేట్‌వే కొట్టినప్పుడు 0.0.0.0/0 అనే డిఫాల్ట్ రూట్ దానంతట అదే పుడుతుంది. దారి తెలియని ప్రతిదీ అటు పోతుంది. ఒకే అడ్రస్‌కి రెండు రూట్లు సరిపోతే రౌటర్ మరింత ఖచ్చితమైనదాన్ని ఎంచుకుంటుంది. /24 రూట్ ఉండగా డిఫాల్ట్‌ని చూడదు, /32 ఉంటే /24ని చూడదు. రాసిన వరుసకి ఇక్కడ విలువ లేదు.

గాంధీ రోడ్డులో షాపు, తిరుచానూరులో గోడౌన్. రెండిటినీ కలిపే లింక్ వచ్చింది. ఎక్కడ ఏం రాయాలి?

నంబర్లతోనే చూద్దాం. షాపు నెట్‌వర్క్ 192.168.10.0/24. గోడౌన్ నెట్‌వర్క్ 192.168.20.0/24. రెండు రౌటర్లను కలిపే లింక్‌కి 10.10.10.0/30 పెట్టుకున్నాం, షాపు వైపు 10.10.10.1, గోడౌన్ వైపు 10.10.10.2.

షాపు రౌటర్‌లో: గమ్యం 192.168.20.0, మాస్క్ 255.255.255.0, నెక్స్ట్ హాప్ (డేటాని అప్పగించాల్సిన తర్వాతి రౌటర్) 10.10.10.2.
గోడౌన్ రౌటర్‌లో: గమ్యం 192.168.10.0, మాస్క్ 255.255.255.0, నెక్స్ట్ హాప్ 10.10.10.1.

అంతే, రెండు లైన్లు. మైక్రోటిక్ రౌటర్లలో ఐపీ, రూట్స్ మెనూలో రాస్తారు. టీపీ లింక్ లాంటి వాటిలో అడ్వాన్స్‌డ్ కింద స్టాటిక్ రూటింగ్ అని ఉంటుంది. నెక్స్ట్ హాప్ ఎప్పుడూ మీ రౌటర్‌కి నేరుగా తగిలే నెట్‌వర్క్‌లోనిదే అయి ఉండాలి. షాపు రౌటర్‌లో నెక్స్ట్ హాప్‌గా 192.168.20.1 రాస్తే పనిచేయదు, ఎందుకంటే అక్కడికి ఎలా పోవాలన్నదే కదా అది అడుగుతోంది.

ఇంకొక్క జాగ్రత్త. నాట్ రూల్ వాన్ పోర్ట్‌కి మాత్రమే వర్తించేలా చూడండి. అన్ని పోర్టులకూ నాట్ పెట్టేస్తే షాపులోని ప్రతి కంప్యూటరూ గోడౌన్‌కి 10.10.10.1 లాగే కనిపిస్తుంది. పని నడుస్తున్నట్టే ఉంటుంది, కానీ ఎవరు ఏం చేశారో సర్వర్ లాగ్‌లో తెలియదు. గోడౌన్ నుంచి షాపు ప్రింటర్‌కి ప్రింట్ కొట్టినా ప్రింటర్‌కి కనిపించేది రౌటర్ ఒక్కటే.

ఇటునుంచి రూట్ రాశాను, పింగ్ మాత్రం రావడం లేదు. ఏం మిస్సయింది?

తిరుగుదారి. నాకు వచ్చే ఫోన్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు ఇదే, అందుకే కాస్త వివరంగా చెప్తాను. పింగ్ అంటే ప్యాకెట్ (చిన్న డేటా ముక్క) అటు పోవడం ఒక్కటే కాదు, జవాబు ఇటు రావాలి. పై ప్రశ్నలోని షాపు, గోడౌన్ నంబర్లే తీసుకుందాం. షాపు రౌటర్‌లో రూట్ ఉంది, ప్యాకెట్ గోడౌన్ కంప్యూటర్ దాకా చేరింది. జవాబు ఇవ్వడానికి ఆ కంప్యూటర్ గోడౌన్ రౌటర్‌కి అప్పగించింది. ఆ రౌటర్‌కి 192.168.10.0 ఎక్కడుందో తెలియదు కాబట్టి డిఫాల్ట్ రూట్‌లో ఇంటర్నెట్‌కి తోసేసింది. ప్రైవేట్ అడ్రస్ కాబట్టి అక్కడ ఎవరూ దాన్ని మోయరు. మీకు కనిపించేది 'రిక్వెస్ట్ టైమ్‌డ్ ఔట్' మాత్రమే.

పరీక్ష ఇలా చేయండి. షాపు కంప్యూటర్ నుంచి ముందు 10.10.10.2కి, తర్వాత 192.168.20.1కి, ఆ తర్వాత గోడౌన్ కంప్యూటర్‌కి పింగ్ కొట్టండి. మొదటిదే రాకపోతే లింక్‌ని లేదా గోడౌన్ రౌటర్‌లో తిరుగు రూట్‌ని చూడాలి. షాపు రౌటర్ లోపలి నుంచి 10.10.10.2 పలికి, షాపు కంప్యూటర్ నుంచి పలకకపోతే అది నూటికి తొంభై పాళ్లు తిరుగు రూట్ లేకపోవడమే. రౌటర్లన్నీ పలికి చివరి కంప్యూటర్ మాత్రం పలకకపోతే విండోస్ ఫైర్‌వాల్ చూడండి. వేరే నెట్‌వర్క్ నుంచి వచ్చే పింగ్‌ను అది మామూలుగా ఆపేస్తుంది.

షాపులోనూ, గోడౌన్‌లోనూ 192.168.1తో మొదలయ్యే ఐపీలే ఉన్నాయి. అలాగే కలపొచ్చా?

వద్దు, ఒకచోట మార్చండి. 192.168.1.50 తన ఇంట్లోనే ఉందని ప్రతి కంప్యూటరూ అనుకుంటుంది, రౌటర్ దాకా పోనే పోదు. నాట్‌తో తిప్పలు పడి కలిపే పద్ధతులున్నాయి, కానీ తర్వాత వచ్చేవాళ్లకి అర్థం కాదు. కంప్యూటర్లు తక్కువున్న చోట ఒక సాయంత్రం కూర్చుని మార్చేయడం మేలు. కొత్త బ్రాంచ్ తెరిచిన ప్రతిసారీ 10, 20, 30 అని వేర్వేరు నంబర్లు ముందే కేటాయించుకోండి.

వీపీఎన్ బాక్స్‌ని ఆఫీసు స్విచ్‌కే తగిలించాం. పింగ్ వస్తోంది, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం కనెక్ట్ అవుతూనే తెగిపోతోంది.

ఇది చాలా తికమక పెడుతుంది. కంప్యూటర్ల గేట్‌వే 192.168.10.1, వీపీఎన్ బాక్స్ 192.168.10.2 అనుకుందాం. కంప్యూటర్ ప్యాకెట్‌ని గేట్‌వేకి ఇస్తుంది, గేట్‌వే దాన్ని వీపీఎన్ బాక్స్‌కి తిప్పుతుంది. వచ్చేటప్పుడు వీపీఎన్ బాక్స్ నేరుగా కంప్యూటర్‌కే ఇచ్చేస్తుంది, గేట్‌వే మీదుగా రాదు. గేట్‌వేలోని ఫైర్‌వాల్ సగం సంభాషణే వింటుంది కాబట్టి ఆ కనెక్షన్‌ని అనుమానించి తెంచేస్తుంది. పింగ్‌కి అంత లెక్క లేదు కాబట్టి అది బతికిపోతుంది. వీపీఎన్ బాక్స్‌ని స్విచ్ నుంచి తీసి గేట్‌వేలోని వేరే పోర్ట్‌కి తగిలించి, ఆ రెండిటి మధ్య ఒక చిన్న /30 పెట్టండి. రాకపోకలు రెండూ ఒకే దారిలో జరిగితే సమస్య పోతుంది.

విండోస్‌లో రూట్ యాడ్ కొట్టాను, రీస్టార్ట్ చేస్తే పోయింది.

కమాండ్‌లో మైనస్ పి (-p) చేర్చి మళ్లీ కొట్టండి, అప్పుడు నిలుస్తుంది. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాలి. రూట్ ప్రింట్ అని కొడితే శాశ్వత రూట్లు చివర్లో కనిపిస్తాయి. నన్నడిగితే కంప్యూటర్లలో రూట్లు రాయకండి, రౌటర్‌లో ఒకచోట రాయండి. పది కంప్యూటర్లలో రాస్తే పదకొండోది కొన్న రోజు ఎవరికీ గుర్తుండదు.

రెండు కంపెనీల నెట్ ఉంది. ఒకటి పోతే రెండోదానికి మారేలా రూట్ రాశాను, కానీ మారడం లేదు.

మొదటి డిఫాల్ట్ రూట్‌కి డిస్టెన్స్ 1, రెండోదానికి 10 ఇచ్చి ఉంటారు. తక్కువ ఉన్నదే నడుస్తుంది, అది పోతే రెండోది లేస్తుంది. చిక్కెక్కడంటే, రోడ్డు తవ్వి ఫైబర్ తెగినా మీ రౌటర్‌కీ ఫైబర్ డబ్బాకీ మధ్య వైరు బాగానే ఉంటుంది. పోర్ట్ లైట్ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి మొదటి రూట్ బతికే ఉందని రౌటర్ నమ్ముతుంది. గేట్‌వేకి పింగ్ చెక్ పెట్టినా, ఆ గేట్‌వే మీ గదిలోని డబ్బానే అయితే అది ఎప్పుడూ పలుకుతుంది. చెక్ చేయాల్సింది బయట దూరంగా ఉన్న 8.8.8.8 లాంటి అడ్రస్‌ని, అదీ ఆ లింక్ మీదుగానే. మైక్రోటిక్‌లో రికర్సివ్ రూట్, సిస్కోలో ఐపీ ఎస్ఎల్ఏ, ట్రాక్ ఈ పని చేస్తాయి.

లింక్ మారినా మీ పబ్లిక్ ఐపీ దానితో పాటు రాదు, అది మొదటి కంపెనీది. బ్రాంచీల వీపీఎన్‌లో హెడ్ ఆఫీసు రెండు ఐపీలనూ రాసి ఉంచండి.

ఎన్ని బ్రాంచీల దాకా స్టాటిక్ రూట్లు చాలు?

అన్ని బ్రాంచీలూ ఒక్క హెడ్ ఆఫీసుకే కలుస్తుంటే పదైనా హాయిగా నడుస్తాయి. ఒక చోటికి పోవడానికి రెండు మూడు దారులు ఏర్పడినప్పుడు రౌటర్లే దారులు కనుక్కునే ఓఎస్‌పీఎఫ్ వైపు చూడండి.

## బయటివాళ్లు లోపలికి రావాలంటే

డీవీఆర్‌కి పోర్ట్ ఫార్వర్డ్ చేసి కెమెరాలు చూడొచ్చా?

చూడొచ్చు, కానీ దయచేసి అలా చేయకండి. పబ్లిక్ ఐపీపై తెరిచిన పోర్టుల్ని ప్రపంచంలో ఎక్కడెక్కడి ప్రోగ్రాములో రాత్రీ పగలూ తడుముతూనే ఉంటాయి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలను, డీవీఆర్‌లను లక్షల్లో పట్టుకుంది. ఆ అక్టోబర్‌లో వాటితోనే డైన్ అనే డీఎన్ఎస్ కంపెనీపై దాడి జరిగితే అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు ఆగిపోయాయి. ఆ కెమెరాల యజమానుల్లో చాలామందికి ఏం జరిగిందో కూడా తెలియదు. లాడ్జి కారిడార్‌లో కుటుంబాలు తిరుగుతుంటాయి, ఆ దృశ్యాలు బయటివాళ్ల చేతికి పోకూడదు. రౌటర్‌లో వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ పెట్టి, ఫోన్ దానికి కనెక్ట్ అయ్యాక లోపలి ఐపీతో డీవీఆర్ తెరవండి.

ఇంటి నుంచి ఆఫీసు కంప్యూటర్‌కి రిమోట్ డెస్క్‌టాప్ కావాలి. 3389 పోర్ట్ తెరిస్తే చాలా?

పనిచేస్తుంది, అదే ప్రమాదం. పోర్ట్ నంబరు మార్చినా వెతికేవాళ్లకి అది కొద్ది గంటల పనే. 2019లో బ్లూకీప్ అనే లోపం బయటపడినప్పుడు పాత విండోస్ మెషీన్లలోకి పాస్‌వర్డ్ లేకుండానే దూరే వీలుందని తేలింది. ఏడాది లెక్కలన్నీ ఉన్న కంప్యూటర్‌ని ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్ మూసేస్తే ఆడిటర్ దగ్గరికి ఏం పట్టుకుపోతారు? వీపీఎన్ వెనకే పెట్టండి. బయటి పెన్ డ్రైవ్‌లోనో డిస్క్‌లోనో బ్యాకప్ తీసి, దాన్ని పీకి పక్కన పెట్టండి.

బయటి నుంచి మా పబ్లిక్ ఐపీతో సర్వర్ తెరుచుకుంటోంది, ఆఫీసు వైఫైలో అదే అడ్రస్ తెరుచుకోవడం లేదు.

హెయిర్‌పిన్ నాట్ లేదు. లోపలి నుంచి బయటి అడ్రస్‌కి పోయి మళ్లీ లోపలికి తిరగాలంటే రౌటర్‌లో దానికి ప్రత్యేకంగా రూల్ ఉండాలి. కొన్ని రౌటర్లలో నాట్ లూప్‌బ్యాక్ అనే పేరుతో ఉంటుంది. లేదా లోపలి డీఎన్ఎస్‌లో ఆ పేరుకి లోపలి ఐపీ రాయండి.

సొంత మెయిల్ సర్వర్ పెట్టాం. మెయిల్స్ అన్నీ స్పామ్‌లోకి పోతున్నాయి.

మీ ఐపీ నుంచి వెనక్కి చూస్తే మీ మెయిల్ సర్వర్ పేరు రావాలి. దాన్ని పీటీఆర్ రికార్డ్ అంటారు. మీ డొమైన్ కంట్రోల్ ప్యానెల్‌లో అది రాయలేరు, ఐపీ ఇచ్చిన ప్రొవైడరే రాయాలి. మెయిల్ పంపి అడగండి. మెయిల్ మీదేనని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్ కూడా సరిగ్గా ఉన్నాయో చూసుకోండి.

బ్రహ్మోత్సవాలప్పుడు లాడ్జి నిండా గెస్టులు. వైఫై కనెక్ట్ అవుతుంది, ఐపీ రాదు. పైగా ఆఫీసు కంప్యూటర్లు కూడా అదే నెట్‌వర్క్‌లో ఉన్నాయి.

ఇక్కడ రెండు పనులున్నాయి. /24 నెట్‌వర్క్‌లో 254 అడ్రస్‌లే ఉంటాయి. నిన్న ఖాళీ చేసి వెళ్లిన యాత్రికుల ఫోన్లు పట్టుకున్న ఐపీలు ఇంకా విడుదల కాకపోతే కొత్తవాళ్లకి మిగలవు. గెస్టుల నెట్‌వర్క్‌ని /22 చేయండి, 1022 అడ్రస్‌లు వస్తాయి. డీహెచ్‌సీపీ (ఐపీలు తనంతట తానే పంచే పద్ధతి) లీజు టైమ్ రెండు మూడు గంటలకి తగ్గించండి.

రెండోది ఇంకా ముఖ్యం. గెస్టులకి వేరే వీలాన్ పెట్టి, అక్కడి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కి, డీవీఆర్‌కి పోయే దారిని ఫైర్‌వాల్‌లో మూసేయండి. ఒకే రౌటర్‌లో ఉన్న రెండు నెట్‌వర్క్‌ల మధ్య రూట్ దానంతట అదే ఉంటుంది, మీరు ఆపితేనే ఆగుతుంది. గెస్టు చేసే ప్రతి పనీ బయటికి మీ పబ్లిక్ ఐపీ పేరునే కనిపిస్తుంది, విచారణ వస్తే ముందు మిమ్మల్నే అడుగుతారు. అందుకే గెస్టులకి వేరే పబ్లిక్ ఐపీ, లేదా వేరే చిన్న కనెక్షన్ ఉంటే మంచిది. ఎవరికి ఏ సమయంలో ఏ ఐపీ ఇచ్చారో లాగ్ కూడా ఉంచండి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో సిస్టమ్ లాగ్‌లు 180 రోజులు ఉంచాలని, సైబర్ ఘటనలను 6 గంటల్లో తెలపాలని సంస్థలకు చెప్పారు.

## నడుస్తూ నడుస్తూ ఆగినప్పుడు

నెట్ పోయింది. ప్రొవైడర్‌కి ఫోన్ చేసేముందు ఏం చూడాలి?

కంప్యూటర్ నుంచి మీ రౌటర్‌కి పింగ్ కొట్టండి. తర్వాత ప్రొవైడర్ గేట్‌వేకి, తర్వాత 8.8.8.8కి, చివరగా ఏదైనా వెబ్‌సైట్ పేరుకి. ఎక్కడ ఆగితే తప్పు అక్కడుంది. 8.8.8.8 పలికి పేరు పలకకపోతే డీఎన్ఎస్ సమస్య, లైన్ బాగానే ఉంది. కంప్యూటర్‌కి 169.254తో మొదలయ్యే ఐపీ ఉంటే దానికి డీహెచ్‌సీపీ నుంచి అడ్రస్సే రాలేదు, ఇంటర్నెట్ మాట తర్వాత. ట్రేస్‌రూట్ అంటే దారిలోని రౌటర్లను వరుసగా చూపే కమాండ్. 'గేట్‌వే పలుకుతోంది, దాని తర్వాత ట్రేస్‌రూట్ ఆగిపోతోంది' అని చెప్పగలిగితే మీ ఫిర్యాదు నేరుగా సరైనవాళ్ల దగ్గరికి పోతుంది.

వాట్సాప్ వస్తోంది, పింగ్ వస్తోంది, కొన్ని సైట్లు మాత్రం తెల్లటి పేజీలో ఆగిపోతున్నాయి.

ఎంటీయూ, అంటే ఒక్క ప్యాకెట్ గరిష్ఠ సైజు, చూడండి. మామూలుగా అది 1500 బైట్లు. పీపీపీఓఈలో 8 బైట్లు దానికే పోతాయి, 1492 మిగులుతుంది. వీపీఎన్‌లో ఇంకా తగ్గుతుంది. పెద్ద ప్యాకెట్లు మధ్యలో పడిపోతుంటే చిన్నవి మాత్రమే దాటుతాయి. విండోస్‌లో ప్యాకెట్‌ను ముక్కలు చేయొద్దనే ఆప్షన్‌తో 1464 సైజు పింగ్ కొడితే 1492 దాటుతుందో లేదో తెలుస్తుంది, హెడర్లకి 28 బైట్లు కలుస్తాయి కాబట్టి. రౌటర్‌లో వాన్ ఎంటీయూ 1492 చేసి, ఎంఎస్‌ఎస్ క్లాంప్ (ప్యాకెట్లను ఆ సైజుకి తగ్గించే సెట్టింగ్) ఆన్ చేయండి.

అక్టోబర్, నవంబర్ వానల్లో ఉరుములకి ఏటా ఒక పోర్ట్ కాలిపోతోంది.

రెండు బిల్డింగుల మధ్య బయట లాగిన రాగి నెట్‌వర్క్ కేబుల్ తీసేసి ఫైబర్ వేయండి. ఫైబర్ కరెంటును మోయదు.

ప్రొవైడర్‌ని మార్చితే ఇదే ఐపీ తీసుకెళ్లొచ్చా?

కుదరదు. మొబైల్ నంబరులా ఐపీకి పోర్టబిలిటీ లేదు. సొంత అడ్రస్‌లు కావాలంటే ఐఆర్ఐఎన్ఎన్ దగ్గర సభ్యత్వం, ఏఎస్ నంబరు (ఇంటర్నెట్‌లో మీ నెట్‌వర్క్ గుర్తింపు నంబరు), బీజీపీ (ఆ అడ్రస్‌ల దారిని ఇంటర్నెట్‌కి చాటే పద్ధతి) నడిపే రౌటర్ కావాలి. ఇంటర్నెట్‌లో సాధారణంగా /24 కంటే చిన్న బ్లాక్‌ని ఎవరూ అంగీకరించరు. షాపులకి ఇది అక్కర్లేదు. ప్రతిచోటా ఐపీ కొట్టకుండా ఒక డొమైన్ పేరు వాడండి, మారినప్పుడు ఒక్కచోట మారిస్తే చాలు. పాత కనెక్షన్‌ని కొత్తది నిలదొక్కుకునేదాకా ఆపకండి. ఐపీని బట్టి అనుమతించే బ్యాంకులకు కొన్ని రోజుల ముందే కొత్త నంబరు పంపండి.

ఐపీవీ6, అంటే పొడవైన అడ్రస్‌లుండే కొత్త రకం ఐపీ, వస్తే ఈ గొడవలన్నీ పోతాయా?

అడ్రస్‌ల కొరత పోతుంది. ప్రతి మెషీన్‌కీ సొంత పబ్లిక్ అడ్రస్ ఉంటుంది, నాట్ ఉండదు. జియో లాంటి మొబైల్ నెట్‌వర్క్‌లలో మీ ఫోన్ ఇప్పటికే దాని మీదే నడుస్తోంది. రూట్లు, తిరుగుదారి, ఫైర్‌వాల్ మాత్రం అలాగే ఉంటాయి. నాట్ లేనప్పుడు ఫైర్‌వాలే అడ్డుగోడ కాబట్టి, ఐపీవీ6 ఆన్ చేసిన రోజే బయటి నుంచి వచ్చేవాటిని ఆపే రూల్ ఉందో లేదో చూసుకోండి.

సెట్ చేసిన అబ్బాయి బెంగళూరు వెళ్లిపోయాడు. రౌటర్‌లో ఏముందో ఎవరికీ తెలియదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు రీసెట్ బటన్ జోలికి పోకండి. పాస్‌వర్డ్ ఉంటే లాగిన్ అయి కాన్ఫిగరేషన్ బ్యాకప్ తీసుకోండి. తర్వాత వాన్ పేజీ, రూటింగ్ టేబుల్, పోర్ట్ ఫార్వర్డ్, వీపీఎన్ పేజీలను ఫోటోలు తీయండి. పాస్‌వర్డ్ లేకపోతే ఆ అబ్బాయికి ఫోన్ చేసి మర్యాదగా అడగండి, చాలామంది చెప్తారు. ఆ తర్వాత ఒక తెల్లకాగితం మీద ప్రతి బ్రాంచ్ నెట్‌వర్క్, లింక్ నంబర్లు, పబ్లిక్ ఐపీ, గేట్‌వే, ప్రొవైడర్ కస్టమర్ ఐడీ రాసి, ప్రతి రూట్ పక్కన అది ఎందుకుందో ఒక్క ముక్క రాయండి. ఎందుకుందో తెలియని రూట్‌ని వెంటనే చెరిపేయకుండా డిసేబుల్ చేసి ఒక నెల చూడండి. నెలాఖరు బిల్లింగ్‌కో, ఏదో ఒక రోజు రిపోర్ట్‌కో మాత్రమే వాడే దారి అయి ఉండొచ్చు. కాగితానికి ఒక జిరాక్స్ తీసి ఓనర్ బీరువాలో పెట్టి, ఒకటి రౌటర్ ఉన్న ర్యాక్ తలుపుకి లోపలివైపు అంటించండి. పాస్‌వర్డ్‌లు మాత్రం ర్యాక్ మీద వద్దు, బీరువాలోని కాగితం మీదే ఉండాలి.